రాతిలోని నిప్పు ఆరదు, చోటు మారుతుంది

(ముద్దనూరులో రైతులు, యువకుల మధ్య చేసిన ప్రసంగ పాఠం)



ఈ పొద్దు మనం మాట్లాడుకోబోయేది జిప్సం గురించి. శనక్కాయ చేన్లో ఊడలు దిగే సమయానికి మనం చల్లే జిప్సం గురించి. చౌడు నేల బాగుపడాలని బండ్లకొద్దీ తోలుకునే జిప్సం గురించి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల్లో క్లింకరుతో కలిపి నూరే జిప్సం గురించి. చూడటానికి సున్నం లాంటి తెల్లటి పొడి. కానీ దాని చుట్టూ రెండు మాటలు తిరుగుతున్నాయి. "దాంట్లో రేడియం ఉందంట, చల్లితే క్యాన్సరంట" అనేది ఒకటి. "ఏం లేదు పోప్పా, అది ఉప్పు లాంటిదే" అనేది రెండోది. ఈ రెండింటిలో ఏదీ పూర్తి నిజం కాదు. భయపడే రైతు మంచి ఎరువును వదులుకుంటాడు. ఏమీ లేదనుకునే రైతు దాన్ని ఇంట్లో మంచం కింద పెట్టుకుంటాడు. నష్టం ఇద్దరికీ ఉంది. అందుకే లెక్కతో సహా మాట్లాడుకుందామని ఇక్కడ కూర్చున్నాం.

డి.ఏ.పి. బస్తా వెనక ఏముంది?

జిప్సం రెండు రకాలు. ఒకటి భూమిలో దొరికేది. రాజస్థాన్‌లో బికనేరు, నాగౌరు వైపు తవ్వి తెచ్చేది. రెండోది ఎరువుల ఫ్యాక్టరీలో మిగిలేది. దీన్ని ఫాస్ఫోజిప్సం అంటారు. మనం మాట్లాడుకోవాల్సింది ఈ రెండోదాన్ని గురించి.

డి.ఏ.పి. తయారు కావాలంటే భాస్వరం కావాలి. భాస్వరానికి రాక్ ఫాస్ఫేటు అనే రాయి కావాలి. మన దేశంలో ఉదయపూరు దగ్గర జామర్‌కోట్రాలో కొంత దొరుకుతుంది. అది చాలదు. మొరాకో, జోర్డాన్, ఈజిప్టు, టోగో లాంటి దేశాల నుంచి ఓడల్లో తెప్పించుకుంటున్నాం. ఓడలు రేవులకే వస్తాయి కాబట్టి ఫ్యాక్టరీలు కూడా రేవుల దగ్గరే వెలిశాయి. విశాఖపట్నంలో కోరమాండల్ ఫెర్టిలైజర్స్ 1967లో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఒడిశాలో పారాదీప్, కేరళలో కొచ్చి కూడా ఇట్లాంటి చోట్లే.

ఆ రాయిని పొడి చేసి గంధకామ్లంలో ఉడికిస్తారు. భాస్వరం ఆమ్లంగా మారి బయటికి వస్తుంది. రాతిలోని సున్నం గంధకంతో కలిసి జిప్సంగా అడుగున మిగులుతుంది. ఒక టన్ను భాస్వరానికి, అంటే పి2ఓ5 లెక్కన, సుమారు 5 టన్నుల జిప్సం మిగులుతుంది. మన బస్తాకు లెక్క వేసుకోండి. 50 కిలోల డి.ఏ.పి. బస్తాలో 46 శాతం, అంటే 23 కిలోల భాస్వరం ఉంటుంది. ఆ ఒక్క బస్తా కోసం ఎక్కడో ఒక చోట 115 కిలోల జిప్సం కుప్ప పడింది. మనం బస్తా తెచ్చుకుంటున్నాం, కుప్పను చూడటం లేదు. దేశం మొత్తం మీద ఏటా కోటి టన్నులకు పైగా ఇట్లా పోగవుతున్నది.

ఈ రాయిలో ఇంకొకటి ఉంది. కోట్ల సంవత్సరాల కిందట సముద్రం అడుగున పేరుకున్న రాయి ఇది. సముద్రపు నీటిలోని యురేనియాన్ని పీల్చుకుని దాచిపెట్టుకుంది. టన్నుకు 50 నుంచి 200 గ్రాముల దాకా. యురేనియం ఉన్నచోట దాని బిడ్డ రేడియం కూడా ఉంటుంది. రాయిని ఆమ్లంలో వేసేంతవరకు తల్లీబిడ్డ ఒకే చోట ఉంటారు. ఆమ్లంలో పడగానే విడిపోతారు. యురేనియంలో ఎక్కువ భాగం భాస్వరామ్లంతో పోతుంది. రేడియం గుణం సున్నానికి దగ్గర. గంధకాన్ని చూస్తే వదలదు. అందుకే రేడియంలో నూటికి 80, 90 వంతులు జిప్సంలోకే దిగుతాయి.

ఎవరూ దాన్ని బయటి నుంచి తెచ్చి కలపలేదు. కల్తీ కాదు. ప్రకృతి రాతిలో పెట్టిందే. కానీ భూమి లోపల రాతిలో బిగుసుకుని ఉన్నదాన్ని పొడి చేసి, ఆరుబయట కుప్ప పోసింది మనిషే.

కలమళ్ల శాసనమంత వయసు

రేడియం ఎంత కాలం ఉంటుంది? దాని సగం ఆయుష్షు 1600 సంవత్సరాలు. అంటే ఈ రోజు ఉన్న రేడియంలో సగం తరగడానికి 1600 ఏళ్లు పడుతుంది. ఈ అంకె ఎంత పెద్దదో తెలుసుకోవడానికి మనం దూరం పోవక్కర్లేదు. తెలుగులో దొరికిన తొలి శాసనం మన పక్కనున్న కలమళ్లదే. రేనాటి చోళుల కాలంలో, క్రీస్తు శకం 575 ప్రాంతంలో వేయించారు. ఆ శాసనం చెక్కిన రోజున ఒక కుప్పలో ఉన్న రేడియం ఈ రోజుకు కూడా సగానికి తగ్గి ఉండదు. గండికోటకు పునాది వేసి తొమ్మిది వందల ఏళ్లు. కోట పాడుబడింది కానీ రేడియం పాడుబడదు.

అణువులు విచ్ఛిన్నం కావడాన్ని బెక్వెరెల్ అనే కొలతతో లెక్కిస్తారు. ఒక సెకనుకు ఒక అణువు పగిలితే ఒక బెక్వెరెల్. మామూలు మట్టి కిలోలో సుమారు 30 బెక్వెరెళ్ల రేడియం ఉంటుంది. మన కాళ్ల కింద ఉన్న మట్టిలో కూడా ఉంటుంది. ఫాస్ఫోజిప్సంలో, ఏ దేశపు రాయి అన్నదాన్ని బట్టి, కిలోకు కొన్ని వందల నుంచి వెయ్యి దాటేదాకా ఉంటుంది. మట్టి కన్నా పది రెట్లు, ఇరవై రెట్లు, ముప్పై రెట్లు.

రేడియం పగిలితే రేడాన్ అనే వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. ఆరుబయట గాలికి కొట్టుకుపోతుంది. తలుపులు మూసిన గదిలో నిలుస్తుంది. ఊపిరితో లోపలికి పోయి, దాని నుంచి పుట్టే కణాలు ఊపిరితిత్తుల్లో అంటుకుంటాయి. ఊపిరితిత్తుల క్యాన్సరుకు పొగ తాగడం తర్వాత ముఖ్యమైన కారణాల్లో రేడాన్ ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. బీడీ తాగే మనిషికి ఈ ముప్పు ఇంకా పెరుగుతుంది.

చేను లెక్క, ఇంటి లెక్క

ఇప్పుడు చేను దగ్గరికి వద్దాం. శనక్కాయకు ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తాం. అందులో కిలోకు వెయ్యి బెక్వెరెళ్లు ఉన్నాయనుకుందాం. మన దేశంలో అనుమతి అవసరం లేకుండా అమ్ముకోగలిగిన గరిష్ఠ హద్దు అదే. అంటే ఎకరాకు 2 లక్షల బెక్వెరెళ్లు కలిపాం. వినడానికి భయంగా ఉంది. కానీ ఎకరంలో అర అడుగు లోతు మట్టి తూస్తే సుమారు 900 టన్నులు. కిలోకు 30 చొప్పున ఆ మట్టిలో అప్పటికే 2 కోట్ల 70 లక్షల బెక్వెరెళ్లు ఉన్నాయి. మనం కలిపింది నూటికి ఒక వంతు కూడా కాదు. చౌడు నేలకు ఎకరాకు 4 టన్నులు తోలితే 40 లక్షలు. అంటే ఉన్నదానికి ఏడో వంతు కలిసింది. ఒక్కసారి తోలితే ప్రమాదం కాదు. తరం తర్వాత తరం తోలుతూ పోతే లెక్క పెట్టుకోవాల్సిన అంకె.

కాబట్టి శనక్కాయ రైతు జిప్సం మానుకోవాల్సిన పని లేదు. ఊడలకు కాల్షియం అందకపోతే కాయ తాలు పోతుంది. గంధకం లేకపోతే నూనె తగ్గుతుంది. వాన లేక, బోరు ఎండి, అప్పుల్లో ఉన్న రైతును ఇంకో భయంతో తాలు కాయల పాలు చేయడం మా ఉద్దేశం కాదు.

సిమెంటు లెక్క కూడా ఇంతే. క్లింకరులో కలిపే జిప్సం నూటికి 3 నుంచి 5 వంతులు. అదీ ఇసుక, కంకరలో కలిసి ఇంకా పలచబడుతుంది.

మరి ముప్పు ఎక్కడ? మూడు చోట్ల ఉంది.

ఒకటి ఇల్లు. జిప్సం బస్తాలు పడుకునే గదిలో దొంతర వేయడం, మిగిలిన జిప్సాన్ని మట్టికి బదులు పునాదిలో, బండల కింద నింపడం. అమెరికాలోని ఫ్లోరిడాలో ఫాస్ఫేటు గనులు తవ్వి పూడ్చిన నేలల మీద ఇళ్లు కట్టుకున్నారు. ఆ ఇళ్లల్లో రేడాన్ ఎక్కువగా ఉన్నట్టు 1970లలోనే బయటపడింది. మన దేశంలో ఫాస్ఫోజిప్సంతో ఇంటి గోడలకు గోడలే పోతపోసే పద్ధతి కూడా వచ్చింది. మద్రాసు ఐ.ఐ.టి. ఆవరణలో 2013లో అట్లాంటి ఇల్లు కట్టి చూపించారు. చవకగా, త్వరగా లేస్తుంది. కానీ పేదవాడి కాలనీకి అట్లాంటి గోడ వస్తే, గోడలోని జిప్సంలో రేడియం ఎంతో కొలిచిన కాగితం గోడ కన్నా ముందు రావాలి.

రెండోది కుప్ప, దాని కింద నీళ్లు. కుప్పలో రేడియం ఒక్కటే కాదు, మిగిలిన ఆమ్లమూ ఫ్లోరైడూ ఉంటాయి. ఫ్లోరైడు అంటే ఏమిటో మన పులివెందుల పల్లెల్లో వంగిపోయిన ఎముకలను అడిగితే చెప్తాయి. 2016లో ఫ్లోరిడాలో న్యూ వేల్స్ అనే ఎరువుల ఫ్యాక్టరీలో జిప్సం కుప్ప కింద భూమి కుంగి గుంత పడింది. సుమారు 81 కోట్ల లీటర్ల కలుషిత నీరు ఆ గుంతలో నుంచి భూగర్భ జలాల్లోకి దిగిపోయింది. ఎందుకు కుంగింది? ఆ నేల కింద సున్నపురాయి ఉంది. సున్నపురాయిని నీళ్లు తొలుస్తాయి. మన కింద ఉన్నది ఏమిటి? ఎర్రగుంట్లకు సిమెంటు ఫ్యాక్టరీలు వచ్చింది సున్నపురాయి కోసమే కదా! జమ్మలమడుగు అవతల బెలుం గుహలు ఎట్లా పుట్టినాయి? సున్నపురాయిని నీళ్లు తొలిస్తేనే కదా! ఇట్లాంటి నేల మీద ఏ వ్యర్థాన్ని కుప్ప పోసినా, కింద పరుపు లేకుండా పోస్తే అది మన బోరులో పోసినట్టే.

మూడోది, మన ముంగిట్లో ఉన్నదే. తుమ్మలపల్లె.

ఒకే రాయి, రెండు ముఖాలు

తుమ్మలపల్లె సంగతి జిప్సం మాటల్లోకి ఎందుకొచ్చిందని అనుకోవద్దు. అక్కడ యురేనియం ఉన్నది వేంపల్లె డోలమైటు రాతిలో. భాస్వరం కలిసిన డోలమైటు అది. మొరాకో రాతిలో యురేనియాన్ని భాస్వరం పట్టుకున్నట్టే, మన రాతిలో కూడా భాస్వరపు ఖనిజాన్ని అంటిపెట్టుకుని ఉంది. అక్కడ భాస్వరం తీసుకుని రేడియాన్ని వదిలేస్తున్నారు. ఇక్కడ యురేనియం తీసుకుని రేడియాన్ని వదిలేస్తున్నారు. రెండు చోట్లా మిగిలేది రేడియమే. రెండు చోట్లా దాన్ని మోసేది పక్కనున్న ఊరే.

2007 నవంబరులో అక్కడ శంకుస్థాపన జరిగింది. రోజుకు 3000 టన్నుల రాయి ఆడించే లెక్కతో కట్టారు. రాతిలో యురేనియం ఎంత? పదివేల పాళ్లలో మూడు నాలుగు పాళ్లు. అంటే టన్ను రాయి ఆడిస్తే దాదాపు టన్నూ వ్యర్థమే. అది గొట్టాల్లో కొట్టాల దగ్గర టెయిలింగ్ పాండుకు పోతుంది. ఆ ఖనిజంలో రేడియం ఎంత ఉంటుందో లెక్క కట్టడం కష్టం కాదు. యురేనియం శాతాన్ని బట్టి చూస్తే గ్రాముకు సుమారు 4 బెక్వెరెళ్లు. జిప్సానికి పెట్టిన హద్దు గ్రాముకు ఒకటి. అంటే జిప్సం హద్దుకు నాలుగింతల సరుకు, చెరువంత విస్తీర్ణంలో ఉంది.

ఆ చెరువు అడుగున వేయాల్సిన పరుపు గురించి, చుట్టుపక్కల బోర్ల నీళ్లు పాడైన సంగతి గురించి అక్కడి రైతులు గొంతెత్తారు. 2018లో రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఆ సంస్థకు షోకాజ్ నోటీసు ఇచ్చింది. అరటి తోట, చీనీ తోట ఎండిపోతుంటే రైతు చేతిలో చూపించడానికి ఉన్నది ఎండిన ఆకు. ఎదుటివాళ్ల చేతిలో ఉన్నది అంకెలున్న కాగితం. అంకె లేని రైతు మాటను ఎవరు వింటారు?

ఇక మన ముద్దనూరు పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది థర్మల్ బూడిద. 1650 మెగావాట్ల ఆర్.టి.పి.పి. కట్టింది కలమళ్ల దగ్గరే. బొగ్గులో కూడా కొద్దిగా యురేనియం, థోరియం ఉంటాయి. బొగ్గు మండి నూటికి 35, 40 వంతులు బూడిద మిగిలితే, అవి ఆ బూడిదలో రెండింతలు మూడింతలు చిక్కబడతాయి. అయినా ఫాస్ఫోజిప్సంతో పోలిస్తే బూడిదలో రేడియం తక్కువ. బూడిదతో ఊపిరికి అసలు కష్టం దాని దుమ్ము, దాని నుంచి నీళ్లలోకి దిగే లోహాలు. దేనికి ఎంత భయపడాలో అంతే భయపడదాం. అన్నిటినీ ఒకే గాటన కట్టి అరిస్తే, మన మాటలో ఒక తప్పు చూపించి మొత్తం కొట్టిపారేస్తారు.

హద్దు ఎవరు గీశారు?

అమెరికాలో ఫాస్ఫోజిప్సాన్ని పొలానికి వాడాలంటే గ్రాముకు 0.37 బెక్వెరెల్ దాటకూడదని 1992లో నియమం పెట్టారు. దాటినదాన్ని కుప్పలోనే ఉంచాలి. రోడ్ల కింద పరచడానికి 2020లో అనుమతి ఇచ్చి, 2021లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. మన దేశంలో అణుశక్తి నియంత్రణ మండలి 2009లో ఇచ్చిన ఆదేశం ప్రకారం హద్దు గ్రాముకు ఒక బెక్వెరెల్. అది దాటితే వేరే సరుకు కలిపి పలచబరిచి, హద్దు లోపలికి తేవాలి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో కుప్పల నిర్వహణకు మార్గదర్శకాలు ఇచ్చింది.

ఒక బెక్వెరెల్ అనేది మనవాళ్లు ఇష్టం వచ్చినట్టు గీసిన గీత కాదు. సహజ రేడియోధార్మికతకు అంతర్జాతీయంగా వాడే కొలబద్ద కూడా అదే. మేము అడిగేది గీత గురించి కాదు. ఆ గీతకు ఇటు ఉందా, అటు ఉందా అని కొలిచిన అంకె ఉన్నప్పుడు, ఆ అంకె ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఎందుకు ఆగిపోవాలి? మేము చూసిన జిప్సం బస్తాల మీద కాల్షియం శాతం ఉంది, గంధకం శాతం ఉంది, బరువు ఉంది, ధర ఉంది. గనిలోదా ఫ్యాక్టరీదా అని లేదు. రేడియం అంకె లేదు. వాన్లో తడిసిన వేరుశనగ కొనేటప్పుడు తేమ శాతం కొలిచి ధర తగ్గిస్తారు. మనకు అమ్మే సరుకును కొలిచిన అంకె మాత్రం మనకు చెప్పరు. ఇదెక్కడి న్యాయం?

నీళ్ల పంపకం గురించి మాట్లాడుతున్నాం, నిధుల పంపకం గురించి మాట్లాడుతున్నాం. వ్యర్థాల పంపకం గురించి కూడా మాట్లాడాలి. రేవు దగ్గర భాస్వరం అమ్ముకున్న లాభం ఒక చోట మిగులుతున్నది. కరెంటు తీగల మీద దూరం పోతున్నది. యురేనియం హైదరాబాదుకు శుద్ధికి పోతున్నది. కుప్ప, బూడిద, టెయిలింగ్ చెరువు మాత్రం ఊరు దాటి పోవు. పోనీ ఉండనీ. కానీ ఉన్నదాని పేరేమిటి, అంకె ఎంత, కింద పరుపు ఉందా, నూరేళ్ల తర్వాత కాపలా ఎవరు అని అడిగే హక్కు ఆ ఊరిదే.

మనం అడగాల్సినవి

ఒకటి: అమ్మే ప్రతి జిప్సం బస్తా మీద అది గనిలోదా ఫ్యాక్టరీదా అని, గ్రాముకు రేడియం ఎంత అని తెలుగులో అచ్చు వేయాలి. సబ్సిడీ మీద ప్రభుత్వమే ఇచ్చే జిప్సానికి ఇది ముందు మొదలుకావాలి.

రెండు: రైలు నుంచి, లారీ నుంచి దించిన జిప్సాన్ని వాగు పక్కన, బోరు పక్కన ఆరుబయట పోయకూడదు. గట్టి నేల, పైకప్పు ఉండాలి. ఎత్తి దించే హమాలీ అన్నలకు దుమ్ము లోపలికి పోకుండా మూతిగుడ్డలు ఇవ్వాలి.

మూడు: ఏ కాలనీకైనా జిప్సం గోడలు, బూడిద ఇటుకలు వాడితే గుర్తింపు పొందిన ప్రయోగశాల ఇచ్చిన పరీక్ష కాగితాన్ని లబ్ధిదారుల ముందు చదివి వినిపించాలి.

నాలుగు: టెయిలింగ్ చెరువు చుట్టుపక్కల ఊర్ల తాగునీటిని ఏటా పరీక్షించాలి. యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన అణుశక్తి నియంత్రణ మండలి హద్దు 60. ఏ బోరులో ఎంత ఉందో, ఏ హద్దుతో పోల్చారో పంచాయతీ గోడ మీద రాయాలి.

వీటి కోసం మనం ఎవరి కాళ్లూ పట్టుకోనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. పది రూపాయల రుసుము, ఒక తెల్ల కాగితం చాలు. వ్యవసాయ శాఖకు ఒకటి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకటి, అణుశక్తి నియంత్రణ మండలికి ఒకటి పెట్టండి. వచ్చిన జవాబును పక్క ఊరికి కూడా పంపండి.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నవి మనం చేద్దాం. జిప్సం బస్తాలు పడుకునే గదిలో కాదు, పశువుల కొట్టానికి అవతల గాలి తగిలే చోట పెట్టండి. గాలికి ఎదురుగా నిలబడి చల్లకండి. పిల్లలను కుప్పల మీద ఆడనివ్వకండి. మిగిలినదాన్ని చేన్లోనే పలచగా చల్లండి కానీ ఇంటి పునాదిలో నింపకండి. చల్లినాక చేతులు కడుక్కోండి. ఇవి పెద్ద ఖర్చు పనులు కావు.

రాతిలో నిప్పును ఏ ఫ్యాక్టరీ ఆర్పలేదు. దాన్ని ఒక చోట నుంచి ఇంకో చోటికి మారుస్తుంది, అంతే. ఆ ఇంకో చోటు మన ఊరు అయినప్పుడు, మనకు చెప్పి, కొలిచి, కాపలా పెట్టి మార్చమంటున్నాం. అంకె చేతికి వచ్చిన రోజున భయమూ ఉండదు, బుకాయింపూ చెల్లదు. ఆ అంకె అడిగే మొదటి అర్జీ ఈ ముద్దనూరు నుంచే పోవాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.